ముందు స్పిండిల్ చూడండి: చిన్న చెక్క లేత్ ఎంచుకున్న ప్రాజెక్టు డైరీ

ఏం చెయ్యాలో రాసుకున్న రోజు

చెక్కని గిర్రున తిప్పుతూ ఉలితో గుండ్రంగా కోసే మెషిన్ లేత్, దాంట్లో చెక్కని తిప్పే ఇరుసు స్పిండిల్. చిన్న లేత్ ఒకటి కొనాలనుకున్నాను. మెషిన్ల జాబితాలు తెరిచే ముందు, రాబోయే రోజుల్లో నేను ఏమేం చెయ్యాలనుకుంటున్నానో ఒక కాగితం మీద రాసుకున్నాను. ఉలులకు పిడులు, పెన్నులు, మూత ఉన్న చిన్న భరిణెలు, ఆరంగుళాల గిన్నెలు, చెయ్యి కుదిరాక ఎనిమిది అంగుళాలవి. తరిమెన పట్టిన బల్ల కాళ్లు కూడా రాసి కొట్టేశాను, ఎందుకంటే రెండు మూడు అడుగుల కాలు కావాలంటే బెంచ్ మీద కూర్చునే లేత్ సరిపోదు, బెడ్‌కి, అంటే మెషిన్ అడుగున ఉండే పొడవాటి పట్టాకి, ఎక్స్‌టెన్షన్ తగిలించాలి, అప్పుడు లెక్కంతా మారిపోతుంది.

ఈ కాగితం చూస్తే పని రెండు రకాలుగా విడిపోయింది. పిడులు, పెన్నుల్లో చెక్క నార లేత్ ఇరుసు వెంబడి, ఎడమ నుంచి కుడికి ఉంటుంది, చెక్కను రెండు చివర్లా పట్టుకుంటాం. గిన్నెలో నార ఇరుసుకి అడ్డంగా ఉంటుంది, ఒక వైపే పట్టుకుని లోపల తవ్వాలి, ఒక్కో చుట్టులో ఉలికి నార రెండుసార్లు అనుకూలంగా, రెండుసార్లు ఎదురుగా తగులుతుంది. మొదటి రకానికి దాదాపు ఏ చిన్న లేత్ అయినా చాలు. రెండో రకమే మెషిన్‌ని పరీక్ష పెడుతుంది, అందుకే గిన్నెను కొలబద్దగా పెట్టుకుని వెతకడం మొదలుపెట్టాను.

పెట్టె మీది రెండు అంకెలు

ప్రతి బెంచ్‌టాప్ లేత్ మీదా 8×12, 10×18, 12×20 లాంటి రెండు అంకెలు కనిపిస్తాయి. మొదటిది స్వింగ్, అంటే బెడ్‌కి తగలకుండా తిరగగల అతి పెద్ద వ్యాసం అంగుళాల్లో. రెండోది రెండు సెంటర్ల మధ్య, అంటే చెక్కని రెండు చివర్లా పట్టే మొనల మధ్య దూరం. యూరప్ పద్ధతిలో రాసినవాటిలో కొన్నిసార్లు స్వింగ్ బదులు బెడ్ నుంచి సెంటర్ దాకా ఎత్తు ఇస్తారు, అది స్వింగ్‌లో సగం, కాబట్టి పోల్చేటప్పుడు రెట్టింపు చేసుకోవాలి.

ఈ అంకెలు అబద్ధం కాదు గానీ పూర్తి కథ చెప్పవు. ఉలిని ఆనించే టూల్ రెస్ట్‌ని మోసే దిమ్మ, అదే బాంజో, బెడ్ మీద కొంత ఎత్తు తీసుకుంటుంది. పొడవాటి చెక్క దాని మీదుగా తిరగాలి కదా, అక్కడ పట్టే వ్యాసం కొంత తగ్గిపోతుంది. పొట్టి గిన్నెకి బాంజోని పక్కకి లాగొచ్చు కాబట్టి ఇబ్బంది తక్కువ.

పొడవు విషయంలో ఇంకా పెద్ద తేడా ఉంది. మూత భరిణె చెయ్యాలంటే హెడ్‌స్టాక్‌కి, అంటే చెక్కని తిప్పే ఎడమ వైపు భాగానికి, చెక్కని పళ్లతో పట్టుకునే చక్ బిగించాలి, దానికి దాదాపు 90 మిల్లీమీటర్లు. చెక్క ముక్క 100 అనుకుందాం. లోపల రంధ్రం వెయ్యడానికి ఎదురుగా కుడి వైపు ఉండే టెయిల్‌స్టాక్‌లో డ్రిల్ చక్, బిట్ కలిపి 200 దాకా. మొత్తం 390 మిల్లీమీటర్లు. 12 అంగుళాలంటే 305 మిల్లీమీటర్లే, అంటే 8×12 లేత్ మీద ఈ భరిణెకి డ్రిల్ పెట్టడానికే చోటు లేదు. 18 అంగుళాలంటే 457, అక్కడ హాయిగా పడుతుంది. గిన్నె కోసం వెతుకుతున్న నాకు భరిణె ఈ సంగతి చెప్పింది. 8×12 సైజు నా జాబితాలోంచి ఇక్కడే సగం బయటికి వెళ్లింది.

అతి తక్కువ వేగం ఎంత?

మిగతా సగాన్ని బయటికి పంపింది వేగం. అమ్మేవాళ్లు గరిష్ఠ వేగాన్ని పెద్ద అక్షరాల్లో వేస్తారు, 3200 అని, 3600 అని. నేర్చుకునేవాళ్లు చూడాల్సింది కింది అంకె. వెన్ కంపెనీ 3420 అనే 8×12 లేత్ 750 నుంచి 3200 ఆర్‌పీఎం దాకా, అంటే నిమిషానికి అన్ని చుట్లు, తిరుగుతుంది. జెట్ 1221 అనే పెద్ద తరహా బెంచ్‌టాప్‌లో ఇదే 60 నుంచి 3600. పై అంకెల్లో పెద్ద తేడా లేదు, కింది అంకెల్లో ఉంది.

ఎందుకంత ముఖ్యమో నేను లెక్క వేసుకుని చూశాను. కొత్తగా బిగించిన గిన్నె దిమ్మ ఎప్పుడూ సరిగ్గా గుండ్రంగా ఉండదు, ఒకవైపు బరువెక్కువ ఉంటుంది. ఇరుసు నుంచి 75 మిల్లీమీటర్ల దూరంలో 50 గ్రాములు ఎక్కువ ఉందనుకోండి. 750 ఆర్‌పీఎం దగ్గర ఆ 50 గ్రాములు లాగే బలం దాదాపు 23 న్యూటన్లు, అంటే రెండు కిలోల పైచిలుకు బరువు సెకనుకి పన్నెండున్నర సార్లు బల్లని పైకీ కిందికీ, ముందుకీ వెనక్కీ గుంజుతున్నట్టు. అదే దిమ్మని 250 దగ్గర తిప్పితే బలం తొమ్మిదో వంతుకి, రెండున్నర న్యూటన్లకి పడిపోతుంది. ఈ బలం వేగం వర్గంతో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే ఊపు నాలుగింతలు. మెషిన్ కనీస వేగమే 750 అయితే స్విచ్ వేసిన క్షణం నుంచీ ఆ ఊపు తప్పదు, తగ్గించుకునే దారి లేదు.

టర్నింగ్ చేసేవాళ్ల మధ్య ఒక పాత లెక్క ఉంది: అంగుళాల్లో వ్యాసాన్ని ఆర్‌పీఎంతో గుణిస్తే 6000 నుంచి 9000 మధ్య రావాలి. ఆరంగుళాల గిన్నెకి 1000 నుంచి 1500, ఎనిమిదికి 750 నుంచి 1125. ఇది గుండ్రంగా, బ్యాలెన్స్‌గా తయారైన చెక్కకి మాత్రమే. గరుకు దిమ్మకి అందులో సగమో అంతకన్నా తక్కువో కావాలి. సన్నటి పిడులకి ఈ సూత్రం వర్తించదు, రెండంగుళాల కడ్డీకి 3000 దాటమంటుంది, నేర్చుకునేవాళ్లకి 1500 నుంచి 2000 చాలు. ఇదంతా కలిపి నాకు నేను పెట్టుకున్న షరతు: కనీస వేగం 500 లోపు ఉండాలి, 250 దగ్గరికి వస్తే ఇంకా మంచిది.

మోటార్ గురించి, బెల్ట్ గురించి ఎక్కువగా

హార్స్‌పవర్ అంకె చూసి మురిసిపోవడం తేలిక. అర హార్స్‌పవర్ అంటే 373 వాట్లు. కానీ ఆ శక్తి చెక్క దగ్గరికి ఎలా చేరుతోందన్నదే అసలు ప్రశ్న. చిన్న లేత్‌లలో మూడు రకాలు చూశాను. ఇండక్షన్ మోటార్‌కి మెట్ల పుల్లీ, అంటే వేర్వేరు వ్యాసాల చక్రాలు ఒకదాని పక్కన ఒకటి, వేగం మార్చాలంటే మూత తీసి బెల్ట్ జరపాలి. రెండోది డీసీ మోటార్, ముందు నాబ్ తిప్పితే చాలు. మూడోది నాబ్‌తో పాటు రెండు మూడు మెట్ల పుల్లీ కూడా ఉన్నది.

నాబ్ మాత్రమే ఉన్న మెషిన్‌లో కిటుకు ఏంటంటే, వేగం తగ్గించినప్పుడు టార్క్, అంటే తిప్పే బలం, పెరగదు. 373 వాట్ల మోటార్ 3200 ఆర్‌పీఎం దగ్గర ఇచ్చే టార్క్ 1.1 న్యూటన్ మీటర్. నాబ్ తిప్పి 500కి దించినా దాదాపు అంతే, శక్తి మాత్రం ఆ మేరకు పడిపోతుంది. ఆరంగుళాల గిన్నె అంచు దగ్గర, అంటే 75 మిల్లీమీటర్ల దూరంలో, అది కిలోన్నర బరువుకి సమానమైన తోపు. ఉలి కాస్త లోతుగా దిగితే చెక్క ఆగిపోతుంది. అదే వేగాన్ని పుల్లీతో దించితే, ఘర్షణ పోను, 7 న్యూటన్ మీటర్ల దాకా వస్తుంది, అంచు దగ్గర తొమ్మిదిన్నర కిలోలు. ఒకే మోటార్, ఒకే కరెంటు బిల్లు, ఆరు రెట్ల తేడా. డీసీ మోటార్లు క్షణం సేపు ఎక్కువ లాగగలవు, నిజమే, కానీ అలా లాగుతూ కూర్చుంటే వేడెక్కుతాయి.

అందుకే నా ఓటు మూడో రకానికి. గిన్నె పనికి బెల్ట్‌ని కింది మెట్టు మీద పెట్టి, ఆ పరిధిలో నాబ్‌తో సర్దుకోవచ్చు. బెల్ట్ జరపడానికి బద్ధకించి పై మెట్టు మీదే పెట్టుకుని నాబ్‌తో లాగించేస్తే మాత్రం ఈ లాభం పోతుంది. కాబట్టి మూత తెరవడం, బెల్ట్ వదులు చెయ్యడం ఎంత తేలికో కూడా చూడాలి. కొన్నింటికి ఒక లీవర్ ఎత్తితే చాలు, కొన్నింటికి రెంచ్ పట్టుకుని వంగోవాలి.

స్పిండిల్ ముక్కు

ఇంతదాకా రాసినవన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. నేను ఎవరికైనా ఒకే ఒక్క మాట చెప్పాల్సి వస్తే ఇదే చెబుతాను: స్పిండిల్ మీద ఏ మర ఉంది, లోపల ఏ టేపర్, అంటే సన్నబడుతూ పోయే రంధ్రం, ఉంది, అది ముందు చూడండి. మోటార్ కాలిపోతే మార్చుకోవచ్చు, బెల్ట్ అరిగితే ఇంకోటి వేస్తాం, టూల్ రెస్ట్ నచ్చకపోతే వేరేది కొనుక్కోవచ్చు. స్పిండిల్ మారదు. చక్, చెక్కని స్క్రూలతో బిగించే ఫేస్‌ప్లేట్, మొదట ఒకటి, తర్వాత రెండు మూడు, అన్నీ దాని మీదే ఎక్కాలి, రేపు లేత్ మార్చినా అవన్నీ కొత్తదానికి పనికిరావాలి.

విరివిగా కనిపించే కొలతలు మూడు. ఒక అంగుళం వ్యాసం, అంగుళానికి 8 మరలు. ఇది అమెరికా తరహా చిన్న, మధ్యరకం లేత్‌లలో మామూలు. ఎం33, అంటే 33 మిల్లీమీటర్ల వ్యాసం, మరకీ మరకీ మధ్య 3.5 మిల్లీమీటర్లు. ఇది యూరప్ తరహా. మూడోది ముప్పావు అంగుళం, అంగుళానికి 16 మరలు, చవక చిన్న లేత్‌ల మీదా కొన్ని పాతవాటి మీదా ఉంటుంది. ఇవి కాక కొన్ని బుల్లి మెషిన్ల మీద మరెక్కడా దొరకని మర ఉంటుంది, వాటితో వచ్చిన ఫేస్‌ప్లేట్ పోతే ఇంకోటి వెతుక్కోవడం కష్టం. అడాప్టర్లు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, కానీ అడాప్టర్ పెట్టిన ప్రతిసారీ చక్ బేరింగ్‌కి ఇంకాస్త దూరం జరుగుతుంది, వణుకు పెరుగుతుంది, చిన్న లేత్‌కి అది అస్సలు మంచిది కాదు.

బలం సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. గుండ్రటి కడ్డీ వంగకుండా నిలబడే శక్తి దాని వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. ముప్పావు అంగుళానికీ ఒక అంగుళానికీ తేడా పావు అంగుళమే అనిపిస్తుంది గానీ, గట్టి కడ్డీలనుకుని లెక్కేస్తే ఒక అంగుళానిది మూడింతలకి పైగా బిగువు. ఎం33 దానికి మళ్లీ దాదాపు మూడింతలు.

లోపలి టేపర్ మోర్స్ టేపర్. 1860లలో అమెరికాలో స్టీఫెన్ మోర్స్ రూపొందించిన కొలత, డ్రిల్ బిట్ల కోసం పుట్టింది, ఇప్పటికీ లోహం లేత్‌లలోనూ చెక్క లేత్‌లలోనూ అదే నడుస్తోంది. సుమారు 20కి 1 వంతున సన్నబడే శంకువు, ఒక్కసారి లోపలికి నెడితే తనకు తానే పట్టుకుంటుంది, బోల్టు అక్కర్లేదు, తియ్యాలంటే వెనకనుంచి కడ్డీతో తట్టాలి. చిన్న లేత్‌లలో నంబర్ 1 లేదా నంబర్ 2 ఉంటుంది. నంబర్ 1 వెడల్పు చివర 12 మిల్లీమీటర్లు, నంబర్ 2 దాదాపు 17.8. చెక్కతో పాటు తిరిగే లైవ్ సెంటర్లు, డ్రిల్ చక్‌లు, పెన్ను ముక్కల్ని గుచ్చి తిప్పే పెన్ మాండ్రెల్‌లు నంబర్ 2లో దొరికినన్ని రకాలు నంబర్ 1లో దొరకవు. హెడ్‌స్టాక్, టెయిల్‌స్టాక్ రెండింట్లోనూ నంబర్ 2 ఉండాలని రాసుకున్నాను.

అంతే, షరతులు తయారయ్యాయి: ఒక అంగుళం 8 మర, నంబర్ 2 టేపర్, కనీస వేగం 500 లోపు, పుల్లీ మెట్లు, పోత ఇనుము బెడ్. స్వింగ్ పది అంగుళాలు చాలు. మోటార్ హార్స్‌పవర్ చివర్న చూద్దామనుకున్నాను.

బాబాయితో వెళ్లి చూసిన రోజు

మా బాబాయి లోహం లేత్ మీద ఏళ్ల తరబడి పని చేసిన మనిషి. చెక్క లేత్ ముట్టుకున్నది తక్కువే, కానీ స్పిండిల్ స్పిండిలే కదా. డయల్ గేజ్, మాగ్నెట్ స్టాండ్ సంచిలో వేసుకుని వచ్చాడు. 10×18 సైజులో రెండు మెషిన్లు పక్కపక్కన ఉన్నాయి.

"ముందు స్విచ్ వెయ్యకురా. బెల్ట్ తీసేసి చేత్తో తిప్పు, చెవి దగ్గర పెట్టి విను."

తిప్పాను. ఒకటి నిశ్శబ్దంగా తిరిగింది, రెండోదాంట్లో సన్నటి గరగర. తర్వాత స్పిండిల్ ముక్కు పట్టుకుని పైకీ కిందికీ, ముందుకీ వెనక్కీ గట్టిగా గుంజి చూడమన్నాడు. కదలిక తెలిస్తే బేరింగ్ వదులని అర్థం. డయల్ గేజ్ ముల్లుని టేపర్ లోపలి గోడకి ఆనించి మెల్లగా ఒక చుట్టు తిప్పితే ముల్లు ఎంత ఊగిందో అదే రనౌట్. మొదటిదాంట్లో 0.02 మిల్లీమీటర్లు, రెండోదాంట్లో 0.07.

"బాబాయ్, చెక్కకి ఇంత కొలత అవసరమా?"

"చెక్కకి అక్కర్లేదురా, బేరింగ్‌కి కావాలి. ఇవాళ ఇంత ఊగేది రేపు ఇంకాస్త ఊగుతుంది."

చెక్క పనికి 0.05 లోపు ఉంటే హాయిగా సరిపోతుందని ఆయన లెక్క. టెయిల్‌స్టాక్‌ని కూడా వదల్లేదు. హెడ్‌స్టాక్‌లో మొన సెంటర్, టెయిల్‌స్టాక్‌లో మొన సెంటర్ పెట్టి రెండు మొనలూ దగ్గరికి తెచ్చాం, పైనుంచీ పక్కనుంచీ చూశాం, కలిశాయి. తర్వాత టెయిల్‌స్టాక్‌ని వెనక్కి జరిపి, దాంట్లోంచి ముందుకి జరిగే గొట్టాన్ని, అదే క్విల్‌ని, బాగా బయటికి తిప్పి మళ్లీ చూశాం. ఇలా రెండోసారి చూడటం ముఖ్యం, ఎందుకంటే క్విల్ వంకరగా ఉంటే దగ్గర్లో కలిసినా దూరంలో తప్పుతుంది, అలాంటి లేత్ మీద డ్రిల్ వేస్తే రంధ్రం నోటి దగ్గర వెడల్పవుతుంది. మొదటి మెషిన్‌లో రెండుసార్లూ కలిశాయి.

బిగింపులు చూశాను. బాంజో, టెయిల్‌స్టాక్ రెండింటికీ లీవర్ తిప్పితే బిగిసే ఏర్పాటు ఉంది. ఇది సౌకర్యం కోసం మాత్రమే కాదు, పని మధ్యలో టూల్ రెస్ట్‌ని చెక్కకి దగ్గరగా జరపడం పదేపదే ఉంటుంది, ప్రతిసారీ రెంచ్ వెతుక్కోవాల్సి వస్తే మనిషి జరపడం మానేస్తాడు, రెస్ట్‌కీ చెక్కకీ మధ్య ఖాళీ పెరిగిపోతుంది, ఉలి అదుపు తప్పుతుంది. స్పిండిల్ లాక్, చుట్టుని 24 సమాన భాగాలుగా ఆపే ఇండెక్సింగ్ కూడా ఉన్నాయి. ఆ మొదటి మెషిన్నే తీసుకున్నాం.

బల్ల

లేత్ బరువు ముఖ్యమే, అది కూర్చునే బల్ల బరువు అంతకంటే ముఖ్యం. పైన రాసిన 23 న్యూటన్లు ఎక్కడికో పోవాలి కదా. మందపాటి చెక్కతో పొట్టి బల్ల కట్టి, కింద అర వేసి, అందులో ఇసుక బస్తాలు పెట్టాను. లేత్‌ని నాలుగు బోల్టులతో బిగించే ముందు నాలుగు కాళ్లూ బల్లకి ఆనుతున్నాయో లేదో పలచటి కాగితం దూర్చి చూశాను, ఒక మూల కాగితం దూరింది, అక్కడ సన్నటి రేకు పెట్టి అప్పుడు బిగించాను. అలా చెయ్యకుండా బిగిస్తే బోల్టు బెడ్‌ని మెలిపెడుతుంది, అంత జాగ్రత్తగా చూసుకున్న మొనలు మళ్లీ తప్పుతాయి.

ఎత్తు: స్పిండిల్ మధ్యభాగం నా మోచేతి ఎత్తులో ఉండేలా. ఇంతకంటే కింద ఉంటే నడుము వంగుతుంది, అరగంటలోనే తెలుస్తుంది.

ఉలులు, సాన

లేత్ కొనడంతో ఖర్చు అయిపోదని ముందే అనుకోండి. ఉలులు, సాన, చక్, ముఖానికి షీల్డ్ కలిపితే చిన్న లేత్ విషయంలో మెషిన్‌తో సమానంగానో ఇంకా ఎక్కువో అవుతుంది. అందుకని మొత్తం డబ్బంతా మెషిన్ మీద పెట్టెయ్యకుండా సగం ఆపుకున్నాను.

పెద్ద సెట్ కొనలేదు. హెచ్‌ఎస్‌ఎస్, అంటే హై స్పీడ్ స్టీల్, ఉలులు ఐదు: స్పిండిల్ రఫింగ్ గౌజ్, స్పిండిల్ గౌజ్, బౌల్ గౌజ్, పార్టింగ్ టూల్, గుండ్రటి మొన స్క్రేపర్. గౌజ్ అంటే గాడి ఉన్న ఉలి, స్పిండిల్ అని పేరున్నవి కడ్డీ పనికి, బౌల్ అని ఉన్నది గిన్నెకి. ఏటవాలు అంచు ఉలి, అదే స్క్యూ, తర్వాత. వీటిలో ఒకటి ప్రాణం మీదికి తెచ్చే విషయం, స్పష్టంగా రాస్తాను: స్పిండిల్ రఫింగ్ గౌజ్‌ని గిన్నె దిమ్మ మీద ఎప్పుడూ వాడకూడదు. దాని పిడిలోకి వెళ్లే తోక భాగం సన్నటి రేకులా ఉంటుంది, అడ్డ నార ఒక్కసారి పట్టుకుంటే అక్కడ విరుగుతుంది. పేరులో రఫింగ్ అని ఉంది కదా అని గిన్నె గరుకు తియ్యడానికి దాన్నే తీసుకోవడం కొత్తవాళ్లకి సహజంగా వచ్చే ఆలోచన. గిన్నెకి బౌల్ గౌజ్ ఒక్కటే.

సాన కోసం ఎనిమిది అంగుళాల బెంచ్ గ్రైండర్, తెల్లటి అల్యూమినియం ఆక్సైడ్ రాయి, ఉలిని ఒకే కోణంలో తిప్పే జిగ్. స్పిండిల్ గౌజ్‌కి 40 డిగ్రీలు, బౌల్ గౌజ్‌కి 55. ప్రతిసారీ అదే కోణం రావడం ముఖ్యం, కోణం మారితే ఉలి చెక్క మీద వేరేలా నడుస్తుంది, చేతికి అలవాటు కుదరదు. సాన పట్టే ముందు అంచు పక్కన మార్కర్‌తో నల్లగా రుద్ది ఒక్కసారి రాయికి తాకించి చూస్తే, రంగు ఎక్కడ పోయిందో దాన్నిబట్టి కోణం తెలుస్తుంది. కార్బైడ్ ముక్కలు బిగించే టూల్స్ కూడా ఉన్నాయి, వాటికి సాన పని లేదు, ముక్క అరిగితే తిప్పుకోవడమే. మొదలుపెట్టడానికి తేలికే, కానీ అవి ఎక్కువగా గీకుతాయి, గౌజ్‌లా కోసి వదిలిన నునుపు రాదు. నేను సాన నేర్చుకునే దారే ఎంచుకున్నాను.

మొదటి చెక్క

రెండు సెంటర్ల మధ్య రెండంగుళాల చదరపు కడ్డీ. స్విచ్ వేసే ముందు చేసేవి గోడ మీద రాసి పెట్టాను: వేగం నాబ్ సున్నాకి తేవాలి, చెక్కని చేత్తో ఒక చుట్టు తిప్పి రెస్ట్‌కి తగలట్లేదని చూడాలి, బిగింపులన్నీ ఒకసారి ముట్టుకోవాలి, ముఖానికి పూర్తి షీల్డ్, చేతులకి గ్లోవ్స్ వద్దు, చొక్కా చేతులు మడవాలి, స్విచ్ వేసేటప్పుడు చెక్కకి ఎదురుగా కాక పక్కకి నిలబడాలి.

ఉలిని ముందు రెస్ట్ మీద ఆనించి, తర్వాత వెనక వాలుని తిరిగే చెక్కకి తాకించి, పిడిని మెల్లగా ఎత్తుతూ అంచు కొయ్యడం మొదలయ్యేదాకా ఆగాలి. ఈ వరుసలోనే అంతా ఉంది. అంచుని నేరుగా చెక్కలోకి పొడిస్తే పట్టేసి లాగుతుంది. వాలు ఆనుకుని ఉంటే పొట్టు పొడవాటి చుట్టలుగా జారుతుంది, శబ్దం కూడా మారిపోతుంది, కటకట పోయి ఒకే ధారగా సుయ్యిమంటుంది. మూలలు పోయి గుండ్రబడ్డాక వేగం 800 నుంచి 1600కి పెంచాను. కడ్డీ పనిలో ఎప్పుడూ పెద్ద వ్యాసం నుంచి చిన్నదానివైపు దిగుతూ కొయ్యాలి, అప్పుడు నార పైకి లేవదు. బౌల్ గౌజ్ పిడి పొట్టిగా అనిపించింది, ఈ కడ్డీనే దానికి కొత్త పిడి చేశాను.

గిన్నె

ఆరంగుళాల దిమ్మ. పైభాగం కాబోయే వైపు ఫేస్‌ప్లేట్‌ని స్క్రూలతో బిగించి, టెయిల్‌స్టాక్‌ని కూడా దగ్గరికి తెచ్చి ఆనించి, బెల్ట్ కింది మెట్టు మీద, 350 దగ్గర మొదలుపెట్టాను. బల్ల కాస్త వణికింది, అంతే. 750 దగ్గర మొదలుపెట్టాల్సి వస్తే ఎలా ఉండేదో ఆ వణుకు పట్టుకుని ఊహించగలిగాను. బయటి వైపు అడుగు నుంచి అంచువైపు కోస్తూ వచ్చాను, గిన్నెలో బయట చిన్న వ్యాసం నుంచి పెద్దదానికి, లోపల అంచు నుంచి మధ్యకి. గుండ్రబడ్డాక 1000.

అడుగున చక్ పట్టుకోవడానికి దిమ్మ లాంటి టెనన్ వదలాలి. దాని వ్యాసం, చక్ పళ్లు దాదాపు మూసుకున్నప్పుడు ఏర్పడే వృత్తానికి కాస్త ఎక్కువ ఉంటే పళ్లు మొత్తం చుట్టూ ఆనుతాయి, బాగా తెరుచుకున్న పళ్లయితే మూలలు మాత్రమే కరుస్తాయి. టెనన్ అడుగు చక్ లోపలికి తగలకూడదు, గిన్నె భుజం పళ్ల మీద కూర్చోవాలి. ఇంకో మాట, చక్ ఎంచుకునేటప్పుడు పెద్దది కావాలనిపిస్తుంది గానీ, పది అంగుళాల లేత్‌కి చిన్న నాలుగు పళ్ల చక్ చాలు. బరువైన చక్ స్పిండిల్ చివర వేలాడుతూ బేరింగ్‌కి భారమే.

లోపల తవ్వేటప్పుడు పుల్లీ విలువ తెలిసింది. కావాలనే ఒకసారి పై మెట్టు మీద పెట్టి నాబ్‌తో 600కి దించి, లోతుగా కోత పెట్టి చూశాను, మోటార్ మూలిగి చెక్క ఆగింది. కింది మెట్టు మీద అదే 600, అదే కోత, ఆగకుండా సాగింది.

ఈ చెక్క ఇంకా పచ్చిగానే ఉంది కాబట్టి గోడ పలచగా చెయ్యలేదు. వ్యాసంలో పదో వంతు మందం, అంటే 15 మిల్లీమీటర్లు వదిలి, నార చివర్లు తేలిన చోట్ల మైనం పూసి పక్కన పెట్టాను. ఎండే కొద్దీ నారకి అడ్డంగా ఎక్కువ, నార వెంబడి దాదాపు ఏమీ లేకుండా కుంచించుకుంటుంది, కోడిగుడ్డు ఆకారం వస్తుంది. బరువు తగ్గడం ఆగాక మళ్లీ చక్‌కి ఎక్కించి గుండ్రంగా కోస్తాను, ఆ సర్దుబాటుకే ఈ మందం. టెనన్ కూడా కోడిగుడ్డు అవుతుంది కాబట్టి ముందు దాన్ని సరిచెయ్యాలి.

ఎండిన వేరే ముక్క మీద సాండింగ్ సాధన చేశాను, టూల్ రెస్ట్ పూర్తిగా తీసేసి, మాస్క్ పెట్టుకుని. సన్నటి ధూళి షీల్డ్ ఆపదు, దానికి మాస్కే కావాలి. రోజ్‌వుడ్ జాతి చెక్కల ధూళి చాలామందికి చర్మం మీదా ఊపిరితిత్తుల్లోనూ పడదు, వాటిని ఇంకా ముట్టుకోలేదు.

ఇప్పుడు బల్ల మీద ఉన్నది

ఒక అంగుళం 8 మర ట్యాప్, అంటే రంధ్రంలో మరలు కోసే పనిముట్టు, తెప్పించాను. గట్టి చెక్క దిమ్మకి 22 మిల్లీమీటర్ల రంధ్రం వేసి ఈ ట్యాప్ తిప్పితే నేరుగా స్పిండిల్ మీద ఎక్కే చెక్క ఫేస్‌ప్లేట్ తయారవుతుంది. మరల మీద పలచటి సూపర్ గ్లూ పోసి, ఆరాక మళ్లీ ట్యాప్ తిప్పితే గట్టిపడతాయి. ఇలాంటివి నాలుగు చేశాను. వాటి ముఖాన్ని లేత్ మీదే చదునుగా కోసి, గిన్నె దిమ్మని జిగురుతో అంటిస్తే స్క్రూ రంధ్రాలే ఉండవు, లోతు మొత్తం గిన్నెకే దక్కుతుంది. ఒకదానికి నిన్న ఐదంగుళాల దిమ్మ అంటించి బిగించి ఉంచాను, జిగురు పూర్తిగా ఆరాక 350 నుంచి మొదలుపెడతాను. దాని తర్వాత మూత భరిణె, దానికి కావాల్సిన నంబర్ 2 టేపర్ డ్రిల్ చక్ వచ్చేసింది.